పదకొండో తూములో నా వంతు బిగువు

నా వంతు దిద్దుబాటు శిక్షను నాకు తెలియకుండా కొక్కిలిగడ్డ యోహాను ఒంటి మీదికి మళ్లించారు. నేను ఈ కట్ట కాపలా దళంలో చేరిన రోజు నుంచీ మళ్లిస్తూనే ఉన్నారు. రెండు వంతులు మోసీ మోసీ అతను పడిపోతే, చేతకానివాడని ముద్ర కొట్టి పౌర్ణమి పడవలో కట్ట అవతలికి పంపేస్తున్నారు. ఇదీ జరిగిన తప్పు. కమాండెంటు గారూ, దీనికి జవాబు చెప్పాల్సింది మీరు.

నేను ఓలేటి నూకరత్నాన్ని. పదకొండో తూము దగ్గర అంగీల మెకానిక్కుని. బడికి వెళ్లింది తక్కువ. రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్ మోటార్లు విప్పి, బిగించి, షాకులు తిని పని నేర్చుకున్నాను. ఇందులో వినయం తక్కువైతే సర్దుకోండి. పోస్టు దినచర్య రాయడం నా డ్యూటీ కాబట్టి ఈ రోజులవి అందులోంచి ఉన్నవున్నట్టు ఎత్తి రాస్తున్నాను. కొన్నిచోట్ల నా మాటలు చదువుతుంటే నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తోంది. అయినా కొట్టెయ్యలేదు.

శుద్ధ పంచమి

తెల్లవారి పాటు. సముద్రం కట్ట అడుగు రాళ్ల దాకా వెనక్కి పోయింది. ఆరు అంగీలూ మంచినీళ్లలో జాడించి ఉప్పు వదిలించాను. మా దళంలోని మీరాబీ అంగీకి మోచేతి దగ్గర పోగులు తెగితే అతికాను. మనిషి తిన్నగా ఉండదు, పోగులు మాత్రం తిన్నగా ఉండాలంటుంది.

హాజరు దగ్గర హవల్దారు గొర్లె పైడినాయుడు గారు గ్రీజు డబ్బా పైకెత్తి చూపించారు.

“ఇది షట్టరు మెట్ల మీద ఎవులు ఒగ్గేసినారు?”

“నేనేనండి.”

“ఎవుడైనా కాలేసి జారితే?”

“జారలేదు కదండీ.”

వెనక మీరాబీ కిసుక్కుమంది. హవల్దారు గారు నవ్వలేదు. పలక మీద వేలు పెట్టారు. అంటే దిద్దుబాటన్నమాట. ఆరుగురం చక్రం దగ్గరికి వెళ్లాం. మోటారు ఆపి, షట్టరును చేత్తో దించి, చేత్తో ఎత్తాలి. నాకు చెమట కూడా పట్టలేదు. చక్రం తిప్పుతూ పాట అందుకున్నాను. యోహాను మాత్రం నా ఎదుటి కొమ్ము పట్టుకుని ఈడ్చినట్టు తిప్పుతున్నాడు.

“ఏం యోహానూ, చక్రం తిప్పుతున్నావా, జోకొడుతున్నావా?” అన్నాను.

అందరూ నవ్వారు.

“నవ్వక్కా, నవ్వు. నీకేం,” అన్నాడు.

మనిషి ఆరడుగులు, ఒంట్లో పస మాత్రం లేదు.

*(ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీరు ఆ అంగీ తొడిగి ఎన్నేళ్లయిందో నాకు తెలియదు. పోటులో పడినప్పుడు ఆరుగురినీ ఒక్క ఒంటిలా పట్టి ఉంచడానికి దాన్ని తయారుచేశారు. ఒకరు జారితే మిగతా ఐదుగురి అంగీలూ బిగిసి అతన్ని లాగుతాయి. దిద్దుబాటు వేళ అదే అంగీ మన మీద బిగుస్తుంది. చెయ్యి ఎత్తాలంటే దాన్ని గెలిచి ఎత్తాలి, ఊపిరి తీయాలంటే దాన్ని నెట్టి తీయాలి. తప్పు ఒకరిదైనా బిగువును ఆరు వంతులు చేసి పంచుతారు. పంచేది హవల్దారు చేతిలోని పలక. నాకు అందుతున్నదే అందరికీ అందుతోందనుకున్నాను. మోటార్లు ఎత్తిన ఒళ్లు కదా, అందుకే నాకు తేలిగ్గా ఉందనుకున్నాను. పక్కవాళ్లను అడిగి చూడడానికీ లేదు. బిగువు ముచ్చట నోట పెట్టకూడదన్నది తూములో కట్టుబాటు. ఒకడు మూలిగితే పక్కవాడి గుండె జారుతుందట. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో గానీ, మోసం చేసేవాడికి ఇంతకంటే మంచి దుప్పటి దొరకదు.)*

సప్తమి

మధ్యాహ్నం షట్టరు పళ్లకు గ్రీజు పెట్టి, చీల తిరిగి వెయ్యడం మరిచిపోయాను. హవల్దారు గారు చూసి నిలదీశారు.

“నూకరత్నం, సీల లేకుండా పోటొస్తే షట్టరు నిలబడతాదేటి?”

“పోటు రావడానికి ఇంకా చాలా టైముందండీ.”

“టైముందని సముద్రం నీకు సెప్పినాదా?”

“మీకు చెప్పిందేంటండీ?”

ఆయన పలక తీశారు. ఈసారి ఇసుక బస్తాలు. అడుగు నుంచి కట్ట మీదికి మొయ్యాలి. సగంలో యోహాను మోకాళ్ల మీద కూలాడు. ముక్కులోంచి రక్తం కారింది. లేవబోయి మళ్లీ పడ్డాడు. మీరాబీ బస్తా వదిలేసి పరిగెత్తింది.

“నాటకాలు,” అన్నాను. అందరికీ వినబడేలాగే అన్నాను.

సాయంత్రం హవల్దారు గారు అతని అంగీ తెచ్చి, లోపం ఉందేమో చూడమన్నారు. బల్ల మీద పరిచి, పోగు పోగూ మీటి చూశాను. అన్నీ పలికాయి. అడిగిన చోట ఇలా రాసి సంతకం పెట్టాను: “లోపం అంగీలో లేదు. మనిషిలో ఉంది.”

*(మొదటి మాట చాలు. నన్ను అడిగింది అంతే. రెండో మాట సొంత తెలివి. బాగా రాశాననుకున్నాను కూడా. ఎత్తి రాస్తుంటే చెయ్యి ముందుకు పోవడం లేదు.)*

అష్టమి

మంద పోటు. సముద్రానికి కూడా ఇవాళ పని మీద మనసు లేదు.

పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. హవల్దారు గారు హాజరులో చదివారు. కొక్కిలిగడ్డ యోహాను కట్ట కాపలాకు పనికిరాడు. పౌర్ణమి పడవలో కట్ట అవతలికి పంపాలి. అతని పేరు మీద కట్ట లోపల ఉంటున్న అక్క మరియమ్మ, ఆమె బిడ్డ అదే పడవ ఎక్కాలి. కారణం చదివేటప్పుడు ఆయన గొంతు తగ్గించారు. అయినా వినిపించింది. నా వాక్యమే. అక్షరం మారలేదు.

యోహాను నిటారుగా నిలబడి విన్నాడు. నా వైపు చూడలేదు.

గంజి దగ్గర మీరాబీ నా పక్కన కూర్చోలేదు. నేనే జరిగి కూర్చున్నాను.

“ఏంటే, నేనేం అబద్ధం రాశానా?”

“అబద్ధమని ఎవరన్నారు? ఆ రెండో మాట లేకపోతే నీ గంజి అరగదా?” అని గిన్నె పట్టుకుని లేచిపోయింది.

కట్ట అవతల ఏముంటుందో నాకు తెలుసు. నేను అక్కడే పుట్టాను. నెలకు రెండుసార్లు పోటు ముంచితే ఇల్లు నెత్తిన పెట్టుకుని గట్టెక్కడం, దిగాక పొయ్యిలోంచి పీతల్ని ఏరుకోవడం. ఆ బతుకు వద్దనే ఈ దళంలో చేరాను.

దశమి

యోహాను అంగీని రాబోయే మనిషికి సరిచెయ్యమన్నారు. చెక్క మొండేనికి తొడిగి భుజాలు చూశాను. లోపలి వైపు పోగులు నలిగి, గిలక మీద ఏళ్ల తరబడి నడిచిన తాడులా నున్నగా అయిపోయాయి. ఆ రోజు మీటి చూసినప్పుడు పలికాయి కదా, ఇంకేం చూడనక్కర్లేదనుకున్నాను. మోటారు కూడా కాలిపోయే ముందు రోజు వరకూ తిరుగుతుంది. ఎంత లోడు లాగిందో తీగ రంగు చూసి చెప్పొచ్చు. నాకు వచ్చిన విద్యే అది. చూడలేదు.

ఎందుకిలా అరిగాయా అని ఆలోచిస్తుండగా బయట దిద్దుబాటు మొదలైంది. మీరాబీ హాజరుకు ఆలస్యంగా వచ్చిందట. ఇంకో తూముకు అంగీలు త్వరగా కావాలని నన్ను బల్ల దగ్గరే ఉండమన్నారు. నా ఒంటి మీద అంగీ ఎప్పటిలాగే కాస్త బిగిసింది, చలికి శాలువా లాక్కున్నట్టు.

బల్ల మీద మాత్రం యోహాను అంగీ ముడుచుకుంది. ఇంకా దళంలోంచి అతన్ని తీసెయ్యలేదు కదా, వంతు వస్తూనే ఉంది. అంగీ ముడుచుకుని, ఇంకా ముడుచుకుని, చెక్క మొండెం పక్కటెముక దగ్గర ఫటేల్మని పగిలింది.

అది టేకు చెక్క.

నేను కదలకుండా కూర్చున్నాను. బయట ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను హాయిగా ఊపిరి తీసుకుంటున్నాను.

ఏకాదశి

పోగు తిరగబడిందేమో, మొండెం పాతదేమో అని రాత్రంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తెల్లారాక వేరే దారి కనబడలేదు. నా అంగీ విప్పేసి యోహానుది తొడుక్కుని హాజరుకు వెళ్లాను. అంగీ చేతులు వేళ్ల కిందికి వేలాడుతుంటే మడుచుకున్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

తప్పు దొరకడానికి ఎంతసేపు? ఎవరిదో తాడు చుట్ట సరిగ్గా లేదు. చక్రం దగ్గరికి వెళ్లాం. హవల్దారు గారు పలక మీద వేలు పెట్టారు.

ఎలా ఉందో చెప్పకూడదన్నది కట్టుబాటు. చెప్తాను. తడి ఇసుకలో నిలువునా పాతేసి, ఇప్పుడు నడవమన్నట్టుంది. చక్రం కొమ్ము మీద చెయ్యి వెయ్యగలిగాను, తిప్పలేకపోయాను. ఊపిరి సగంలో ఆగింది. పాట కాదు కదా, అమ్మా అనడానికి కూడా గాలి లేదు. ఒక్క చుట్టు పూర్తికాకుండానే మోకాళ్లు ఇనుప చట్రానికి కొట్టుకున్నాయి.

“నూకా! ఏమైందే?” అని మీరాబీ జబ్బ పట్టుకుంది.

హవల్దారు గారు దగ్గరికి వచ్చారు. మడిచిన అంగీ చేతులు చూశారు. చాలా పెద్ద అంగీ. పలక ఆపేశారు. ఇది ఆయన చేతి పనేనని అప్పుడే నాకు అర్థమైంది. ఆశ్చర్యపోయిన మనిషి మొహం అలా ఉండదు.

చేతుల వణుకు తగ్గక పొద్దున వేసిన కుట్టు వంకర పోయింది. విప్పేశాను. మధ్యాహ్నం భోజనం చేశాక చేతులు నిలిచాయి. మళ్లీ వేశాను. బాగానే కుదిరింది.

తర్వాత యోహాను దగ్గరికి వెళ్లాను. వసారాలో పక్క చుడుతున్నాడు.

“నా వంతు నీ మీద పడుతోందని నీకు తెలుసా?”

తాడు ముడి వేస్తూనే చెప్పాడు. “మొదట్లో తెలవదు. అందరికీ ఇంతేననుకున్నా. నువ్వు చక్రం దగ్గర పాట పాడావు చూడు, అప్పుడొచ్చింది అనుమానం. ఇంత బిగువులో పాటేంటని.”

“నాకు చెప్పొచ్చు కదా!”

“ఏమని? బిగువు ముచ్చట నోట పెట్టకూడదుగా. పెడితే ఏడుపుగొట్టోడంటారు. పెట్టకపోయినా అన్నావుగా నువ్వు.”

అతను చుడుతున్న పక్క రెండో కొస పట్టుకున్నాను.

“తప్పయిపోయింది యోహానూ. క్షమించు.”

“క్షమిస్తే పడవ ఆగుద్దా?” అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు. “అక్క పొయ్యి కూడా ఊడబీకేసింది. పిల్లోణ్ణి ఎత్తుకుని ఎక్కడ దిగాలో దానికే తెలవదు. నేనేం చెప్పాలి దానికి? నూకక్క బాధపడతందిలే అని చెప్పనా?”

“నీకేం కావాలో చెప్పు. చేస్తాను.”

“జాలి మాత్రం వద్దు. నాకు షట్టరు పనొచ్చు. చీల ఎప్పుడెయ్యాలో తెలుసు. నా పని నాకు ఇమ్మను.”

చీల మాట కావాలని అన్నాడో లేదో తెలియదు. తగలాల్సిన చోటే తగిలింది.

ద్వాదశి

హవల్దారు గారు నన్ను పిలుస్తారనుకున్నాను. పిలవలేదు. నేనే వెళ్లాను. కట్ట రాయి మీద కూర్చుని పోటు గుర్తులు చూస్తున్నారు.

“ఎందుకు చేశారండీ?”

“కూకో.”

“కూర్చోనండి.”

“అయితే నిలబడే ఇను. నీ ముందు మెకానిక్కు అప్పన్నని ఉండీవోడు. మంచోడే. దిద్దుబాటు అయినాక సేతులొణుకుతుంటే అలగే కుట్టేసినాడు. తుపాను నాడు ఆ కుట్టు ఇడిపోనాది. ఇద్దరు పోనారు. ఆళ్లని ఒడ్డుకి ఈడ్సింది నానే. మళ్లీ మెకానిక్కు సేతులు ఒణకనివ్వకూడదని అప్పుడే ఒట్టేసుకున్నాను.”

“మరి యోహాను?”

“పొడుగోడు, దిట్టంగున్నాడు. మోస్తాడనుకున్నాను.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ?”

“సెప్తే ఊరుకుందువా?”

“ఊరుకోను.”

“అందికే సెప్పలేదు.”

ఆయన మీద అరవాలని వెళ్లాను. ఆయన మొహం చూశాక అరవబుద్ధి కాలేదు. అయినా చెప్పాల్సింది చెప్పాను.

“తప్పు చేసినవాడు మారాలని కదండీ దిద్దుబాటు. డబ్బా వదిలింది నేను, చీల మరిచింది నేను, మీకు ఎదురు చెప్పింది నేను. ఈ నెల తప్పుల్లో ఎక్కువ నావే. ప్రతిదానికీ వాడు నలిగాడు. నేనేం నేర్చుకున్నాను? నేను గట్టిదాన్ననీ, వాడు చవటనీ నేర్చుకున్నాను. ఆ బిగువు ఒక్కసారి నా మీద పడి ఉంటే రెండోసారి చీల మరిచేదాన్నా? నా చేతులు వణక్కుండా చూశారు. బుర్ర మాత్రం అలాగే వదిలేశారు.”

“సేతులు?” అన్నారు ఆయన.

“నిన్న పొద్దున వణికాయి. మధ్యాహ్నానికి నిలిచాయి. అప్పన్నకి కావాల్సింది ఒక పూట టైము. ఇంకొకడి నడుం కాదు.”

అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పారు. పలకలో వంతులు మార్చినప్పుడు పై ఆఫీసులో కమాండెంటు గారికి చెప్పారట. మెకానిక్కు చేతులు ముఖ్యం, కానీ విషయం పైకి పొక్కకూడదు అన్నారట. ఇప్పుడు తిరిగి మార్చాలన్నా, యోహాను ఉత్తర్వు ఆపాలన్నా అక్కడి నుంచే రావాలి.

“నువ్వు రాసీ. నాను అడ్డుపడను,” అన్నారు. “నా పేరు కూడా రాసీ. ఉన్నదున్నట్టు రాసీ.”

రాశాను.

త్రయోదశి

పోటు పెరుగుతోంది. పొద్దున అలలు కట్ట మూడో వరుస రాళ్లను తడిపాయి. చీల వేశాను. వేసి వచ్చాక మళ్లీ వెళ్లి చూశాను.

కమాండెంటు గారూ, ఇక మీతో మాట్లాడతాను.

అంగీలు బాగుచెయ్యనని మిమ్మల్ని బెదిరించను. మొన్నటి వరకూ అయితే అదే చేసేదాన్ని. కానీ పౌర్ణమి పోటులో ఆ అంగీల్లో ఉండేది మీరు కాదు. మీరాబీ, మిగతా ముగ్గురూ ఉంటారు. కుట్లన్నీ పూర్తయ్యాయి. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అవి నిలుస్తాయి.

హవల్దారు గారిని ఒక్కరినే బలి ఇచ్చి చేతులు కడుక్కుంటే కుదరదు. ఆయన చేసింది తప్పే. కానీ ఆయన మీకు చెప్పి చేశారు. మీరు నోరు మూసుకోమన్నారు. పై ఆఫీసు మౌనాన్ని దిద్దే అంగీ ఎక్కడైనా ఉంటే పంపండి, కుట్టి పెడతాను.

దళం అంటే క్రమశిక్షణ అని చేరిన రోజు మీ మనిషే మాకు పాఠం చెప్పాడు. గట్టిగా తల ఊపాను. నేను క్రమశిక్షణ గల మనిషినని నమ్మాను. నిటారుగా నిలబడ్డాను, చెమట పట్టకుండా చక్రం తిప్పాను, పడిపోయినవాణ్ణి చూసి నవ్వాను. ఇప్పుడు నన్ను ఎవరైనా మంచి తూము కాపలా లస్కరు అంటే చెంప మీద కొట్టినట్టుంది. ఆ సిగ్గు నాది, మీ మీదికి మళ్లించను. నాకు కావాల్సింది వేరే.

యోహాను ఉత్తర్వు రద్దు చెయ్యండి. నేను రాసిన రెండో మాట అబద్ధం. మొదటి మాట కూడా చూడాల్సింది చూడకుండా రాసిందే. రెండూ వెనక్కి తీసుకుంటున్నాను. అలా రాసినందుకు నాకేం దిద్దుబాటు వెయ్యాలో వెయ్యండి, నా ఒక్కదానికే వెయ్యండి. మరియమ్మ ఇల్లు ఆమెకు ఉండనివ్వండి. పలకలో ఆరు వంతులూ సమానం చెయ్యండి. దిద్దుబాటు మోసిన మెకానిక్కుకు ఆ పూట కుట్టు పని ఇవ్వకండి. బిగువు గురించి మాట్లాడకూడదన్న కట్టుబాటును ఎత్తెయ్యండి. ఎవరికెంత పడుతోందో ఒకరినొకరు అడిగే హక్కు మాకు ఉండాలి.

పడవ పౌర్ణమి పొద్దున పోటు మీద వస్తుంది. చతుర్దశి సాయంత్రం హాజరు లోపల మీ జవాబు పదకొండో తూముకు చేరాలి. కాగితం పంపితే నేను తీసుకోను. మీరే రండి. ఏం జరిగిందో అందరి ముందూ, యోహాను మొహం చూసి చెప్పండి.

ఓలేటి నూకరత్నం
అంగీల మెకానిక్కు, పదకొండో తూము